అన్నం పళ్లెం ముందు కెమెరా

వికారాబాదులో నీలమ్మ కట్టించిన అన్నశాలలో అన్నం తినేవాళ్లకు ఫోటోలు తీస్తున్నారు.

పెద్ద దవాఖానలో రోగి మంచం మీద ఉంటాడు. వెంట వచ్చిన మనిషి ఆకలికి ఆగలేక అన్నశాలకు వస్తాడు. పళ్లెంలో అన్నం పడుతుంది, పప్పు పడుతుంది. చెయ్యి పెట్టబోతుంటే "జర ఆగుండ్రి, ఇటు చూడుండ్రి" అంటారు. వెనకాల ఆ రోజు భోజనం ఖర్చు పెట్టుకున్న దాత బ్యానరు పట్టుకొని నిలబడతాడు. ఆయన పుట్టినరోజో, పెళ్లిరోజో అయి ఉంటుంది. ఫోటో అయినాకనే ముద్ద. ఇది తప్పు. పోయినేడు ఇదే మాటన్నాను, ఈ ఏడూ అంటున్నాను. నా నోటికి అలుపు రాదు.

నా పేరు బీరప్ప. మాది కుల్కచర్ల దిక్కు, గొర్లు కాసే ఇల్లు. బడి మొహం చూడలేదు. తాండూరు గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, బస్తాలు మోయడానికి వచ్చిననాడు నాకు అక్షరం ముక్క రాదు. బస్తాల మీద నల్లరంగుతో ఊళ్ల పేర్లు అచ్చు కొట్టి ఉండేవి. ఏ బస్తా ఏ లారీకి ఎక్కాలో గుమాస్తా అరిచి చెప్పేవాడు. ఆ అరుపుకూ ఆ అచ్చుకూ జత కలుపుకున్నాను. అట్లా 'ప' నాకు పరిగి నుంచి వచ్చింది, 'వి' వికారాబాదు నుంచి వచ్చింది. తర్వాత మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలు చదివాను. అందుకే లోకంలో చాలా సంగతుల్లో నాకు నడుమది తెలుసు, మొదలూ ఆఖరూ తెలియవు.

నీలమ్మ సంగతి మాత్రం నాకు మొదటి నుంచీ తెలుసు. హమాలీగా చేరి ఆమె పప్పుమిల్లుకు మేస్త్రీనయ్యాను. మిల్లు అమ్మేసిననాడు తాళంచెవులు కొన్నవాళ్ల చేతిలో పెట్టింది కూడా నేనే. ఇప్పుడు పప్పుమిల్లుల్లో కొత్తగా చేరే పిల్లలు, సేవా సంస్థల్లో చేరే పిల్లలు నన్నడుగుతుంటారు, తాతా పని ఎట్లా నేర్చుకోవాలె అని. యంత్రం సంగతి యంత్రం అమ్మినవాడు చెప్తాడు. కాగితాల సంగతి ఆఫీసువాళ్లు చెప్తారు. వాళ్లు చెప్పనిదే నేను రాస్తున్నాను.

రుమాలు కింద

ఇప్పుడు గంజ్‌లో కందులకు ధర కంప్యూటర్ తెర మీద కనపడుతుంది. అప్పుడు ధర రుమాలు కింద ఉండేది.

రైతు కందులు తెచ్చి కుప్ప పోస్తాడు. కొనే సేటూ, అమ్మిపెట్టే ఆడ్తిదారూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరి చేతుల మీద ఒక రుమాలు కప్పుతారు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఒక అంకె, గుప్పిట పడితే ఇంకో అంకె. మొహాలు మాత్రం చెట్టు మీది పిట్టను చూస్తున్నట్టు ఉంటాయి. బేరం కుదిరితే చెయ్యి వదులుతారు. పక్కన నిలబడ్డ రైతుకు తన కందులు ఎంతకు పోయాయో అందరికంటే ఆఖరికి తెలుస్తుంది.

ఆ వేళ్ల భాష నాకు నేర్పింది వీరన్న సేటు. నీలమ్మకు పెద్ద బావగారు. మిల్లు మొదట ఆయన చేతిలోనే ఉండేది. తెల్లధోవతి, విభూతి రేఖలు, చిరునవ్వు. మనిషిని మాటతో కొట్టేవాడు కాదు, లెక్కతో కొట్టేవాడు. పని నేర్పడంలో మాత్రం ఏదీ దాచుకోలేదు. గింజ పంటి కింద ఎట్లా విరిగితే తేమ ఉన్నట్టో, ఎట్లా విరిగితే ఎండినట్టో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చెడ్డ యజమాని దగ్గర కూడా మంచి పని దొరుకుతుంది. పని తీసుకోండి, బుద్ధి తీసుకోకండి.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు వీరన్న తన వంతు తీసుకొని గుల్బర్గా దిక్కు పోయాడు. మిల్లు తమ్ముడు బసప్పకు, అంటే నీలమ్మ పెనిమిటికి, వచ్చింది. బసప్ప దేవుడసొంటి మనిషి, వ్యాపారానికి పనికిరాడు. ఆయనకు తబలా అంటే ప్రాణం. రైతు వచ్చి ఇంకొంచెం పెంచు సేటూ అంటే పెంచేవాడు, పప్పు కొనేవాడు వచ్చి ఇంకొంచెం తగ్గించు అంటే తగ్గించేవాడు. ఇద్దరికీ మంచివాడే. మిల్లుకే చెడ్డవాడు. అప్పుడు నీలమ్మ ఇంట్లోంచి మిల్లులోకి వచ్చింది. ఆమెది సేడం దిక్కు పుట్టిల్లు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు, కోపమొస్తే రెండూ.

గంజ్‌కు వచ్చిన మొదటిరోజే చిక్కు వచ్చింది. రుమాలు కింద మగవాళ్ల చేతిలో ఆడమనిషి చెయ్యి ఎట్లా పెడుతుంది? పెట్టదు. అందుకని నా చెయ్యి ఆమె చెయ్యి అయింది. ఎంత దాకా పోవాలో ముందే నాకు చెప్పేది, వెనక నిలబడేది. నేను వేళ్లు పట్టేవాణ్ణి. ఒక పంటకాలమంతా అట్లా నడిచింది.

ఒకనాడు యాలాల దిక్కు రైతు ఒకాయన తన కుప్ప పక్కన కూర్చొని రుమాలు దిక్కే చూస్తున్నాడు. చూసి చూసి నీలమ్మ దిక్కు తిరిగి అన్నాడు, "నీకు నయమే అమ్మా, నీ చెయ్యన్న ఉన్నది దాని కింద. నా గింజలకు నాదే లేదు."

నీలమ్మ వంగి నా చేతి మీది రుమాలు తీసి నా భుజం మీద వేసింది. ఆడ్తిదారు చెయ్యి, నా చెయ్యి, దొంగతనంలో దొరికినట్టు బయటపడ్డాయి. ఆమె తన ధర పైకి చెప్పింది, అందరికీ వినపడేటట్టు. గంజ్ నవ్వింది. "వేళ్లు లెక్కవెట్టుడు రాక నోరు తెరిసింది సేటమ్మ" అన్నారు. కొన్ని దినాలు ఆడ్తిదారులు ఆమెకు సరుకే చూపించలేదు. మిల్లు ఖాళీగా తిరిగింది. తర్వాత రైతులే మొండికేశారు, మాకు నోటి ధర కావాలె, గా తాండూరు అమ్మ చెప్పినట్టు చెప్తేనే బస్తా దించుతం అని. మెల్లగా మిగతావాళ్లూ నోరు తెరిచారు.

ఇది ఆమె దయతో చేసిందని కొందరు సభల్లో చెప్తుంటారు. నేను ఒప్పుకోను. రుమాలు కింద ఆమెకు చోటు లేదు, కనుక రుమాలే తీసేసింది. తన అవసరం, రైతు అవసరం ఆనాడు ఒక్కటయ్యాయి. వ్యాపారంలో మంచి పని చాలాసార్లు ఇట్లనే జరుగుతుంది. దానికి సిగ్గుపడే పని లేదు, దేవతను చేసే పనీ లేదు.

మూలకున్న కుప్ప

కందులు కొనేముందు నమూనా చూస్తారు. బస్తాకు ఇనుపగొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీస్తారు. రంగు చూస్తారు, కొరికి చూస్తారు, చేతిలోంచి కింద పోస్తారు. ఆ గుప్పెడు మళ్లీ బస్తాలోకి పోదు. మూలన పడుతుంది. పొద్దుగూకేసరికి మూలన కుప్ప అవుతుంది. వీరన్న ఉన్నప్పుడు ఆ కుప్ప ఊడ్చి బస్తాకెత్తేవాళ్లం. గుప్పెడు గింజలకు ఏ రైతూ ఏడ్వడు అనేవాడు ఆయన. నిజమే, ఏ ఒక్క రైతూ ఏడ్వలేదు.

నీలమ్మ మిల్లుకు వచ్చిన కొత్తలో ఆ కుప్ప చూసి ఇవి ఎవరివి అనడిగింది. మనవే అన్నాను. "మనం కొన్నమా?" అంది. లేదు అన్నాను. "మరి మనవి ఎట్లైనయి?"

రేపటి నుంచి చూసిన గుప్పెడు చూసిన బస్తాలోనే పడాలె అంది. సరే అన్నాం. కానీ ఆనాటి కుప్ప ఉంది గదా. ఎవరి గుప్పెడు ఏదో ఎవరు చెప్పగలరు? తిరిగి ఇద్దామన్నా ఇవ్వడానికి లేదు. ఆమె మర పట్టించి పప్పు చేసి ఇంటికి పంపమంది. తెల్లారి పెద్ద గిన్నెలో పప్పు, గంపలో జొన్నరొట్టెలు మిల్లు ముందరికి వచ్చాయి. కాంటా కోసం ఎదురుచూసే రైతులు తినాలని.

అన్నశాల అక్కడ మొదలైంది. వికారాబాదులో కాదు, రిబ్బను కత్తిరించిననాడు కాదు. ఎవరివో తెలియని గింజలను తనవి అనుకోలేకపోవడంలో మొదలైంది.

మొదటిరోజు నీలమ్మ గిన్నె పక్కనే నిలబడి తానే వడ్డించింది. అందరూ ఒక్క గరిటెతో సరిపెట్టుకొని లేచారు. గిన్నెలో పప్పు మిగిలింది. ఆమెకు అర్థం కాలేదు. "పప్పు బాగలేదా బీరప్పా?" అనడిగింది.

"పప్పు మంచిగనే ఉన్నదమ్మా. నువ్వు నిలబడ్డవు. సరుకు కొనే సేటమ్మను రెండోసారి ఎట్లడుగుతరు?"

రెండోనాటి నుంచి గిన్నె పెట్టించి లోపలికి పోయేది. గిన్నె అడుగు కనపడేది. ఆమె లోపల్నుంచి ఆ ఖాళీ గిన్నె గలగల విని నవ్వుకునేది. బసప్ప తబలా ఆపి, ఇది నా తాళం కంటే మంచిగున్నది అనేవాడు.

పురుగు పట్టిన ఏడు

ఆమె అన్నీ ఒప్పులే చేసిందని రాస్తే ఈ కాగితం అబద్ధం అవుతుంది. ఒక ఏడు ధర పెరుగుతుందని కందులు గోదాం నిండా పెట్టింది. నేను వద్దన్నాను, వినలేదు. వానలు ఆగకుండా పట్టాయి. గోదాం తెరిచేసరికి గింజ గింజకూ పురుగు. బస్తా మీద చెయ్యి పెడితే లోపల కదలాడుతున్నట్టుండేది.

అప్పుడు ఒక దళారి వచ్చి దారి చెప్పాడు. జల్లెడ పట్టి, నూనె ఎక్కువ రాసి, మంచి పప్పులో కలిపితే పట్నంలో ఎవరికీ తెలియదని. బయటి ఊరి సంస్థ ఒకటి హాస్టళ్లకు పప్పు కొంటున్నది, అక్కడికి పంపిస్తానన్నాడు. నీలమ్మ ఆలోచనలో పడింది. వద్దనలేదు. అది నేను చూశాను, కాబట్టి రాస్తున్నాను. మిల్లు మునిగేటట్టున్నది, ఆశ పుట్టింది.

బసప్ప లోపల్నుంచి వచ్చాడు. వ్యాపారంలో ఎన్నడూ నోరు పెట్టని మనిషి. "పిల్లలు తింటరు గద నీలా" అన్నాడు. అంతే. మళ్లీ లోపలికి పోయాడు.

ఆ సరుకంతా పశువుల దాణాకు పోయింది. మిల్లు మళ్లీ కోలుకునేదాకా ఆమె కొత్తచీర కట్టలేదు, మా జీతాలు మాత్రం ఆపలేదు. పనిలో చేరే పిల్లలూ, ఒక మాట. మీ యజమాని ఆగి ఆలోచించే ఆ కొంచెంసేపు చాలా ముఖ్యం. ఆ సేపట్లో పక్కన ఎవరున్నారో, వాళ్లు ఏమన్నారో, దాన్ని బట్టే మనుషులు మంచివాళ్లో చెడ్డవాళ్లో అవుతారు. ఆ మాట అనాల్సింది నేను. నేను అనేలోపే ఆయన అన్నాడు.

గొంగడి మీద దుప్పటి

మిల్లు పెరిగింది. తాండూరు కందిపప్పు అంటే నీలమ్మ పప్పు అనే దాకా వచ్చింది. పేరుతో పాటు పేరు చెప్పుకొని బతికేవాళ్లు కూడా వస్తారు. సభలు పెట్టేవాళ్లు, శాలువాలు కప్పేవాళ్లు చుట్టూ చేరారు. అమ్మా, మిల్లు ముందు గిన్నె పెడితే ఎవరికి తెలుస్తది, పెద్దగ చెయ్యాలె అన్నారు. ఆమె కూడా మనిషే గదా. ఆ మాట తియ్యగా ఉంది.

చలికాలంలో పేద గొర్ల కాపరులకు దుప్పట్లు పంచాలని పెట్టారు. ఎక్కడ అంటే మా ఊరి దగ్గరే, కుల్కచర్లలో. షామియానా, మైకు, ఫోటోగ్రాఫరు. ఒక్కొక్కరి పేరు మైకులో పిలవడం, వాళ్లు వేదిక ఎక్కి వంగి దుప్పటి తీసుకోవడం.

ఇక్కడ మీకు ఒక సంగతి తెలియాలి. మా కులంలో గొర్లు కాసేవాడికి గొంగడి ఉంటుంది. మా గొర్ల ఉన్నితో మావాళ్లే నేసింది. నల్లగా, బరువుగా ఉంటుంది. వాన పడితే గొడుగు, చలి వేస్తే ఇల్లు, పొద్దుందాక కూర్చోవడానికి చాప. తండ్రి గొంగడి కొడుక్కు వస్తుంది. గొంగడి ఉన్నవాడికి బట్టలమిల్లు దుప్పటి ఇవ్వడం అంటే, బావి ఉన్నవాడి ఇంటికి చెంబుతో నీళ్లు తీసుకపోయినట్టే. ఆ సభ పెట్టినవాళ్లకు అది తెలియదు. నాకు తెలుసు. కానీ నన్నెవరూ అడగలేదు, నేను షామియానా గుంజలు పాతే పనిలో ఉన్నాను.

మా అక్క పెనిమిటి మల్లయ్య పేరు పిలిచారు. మల్లయ్య బావ భుజం మీద గొంగడితోనే వేదిక ఎక్కాడు. పెద్దమనుషుల ముందు వద్దంటే మర్యాద కాదని తీసుకున్నాడు. తల ఇటు తిప్పమన్నారు, తిప్పాడు. తెల్లారి పేపర్లో వచ్చింది, భుజాన గొంగడి, చేతుల్లో దుప్పటి.

గొర్ల సంతకు పోతే అక్కడ బేరగాళ్లు ఆయన్ని దుప్పటి మల్లయ్య అన్నారు. పొట్టేలు బేరం ఆడబోతే, నీకేం ఫికరు, సేటమ్మ ఇస్తది గద అన్నారు. జీవితమంతా ఒకరి దగ్గర చెయ్యి చాచని మనిషి. కొన్నాళ్లకు ఆ దుప్పటి మడత కూడా విప్పకుండా పట్టుకొని బస్సెక్కి తాండూరు మిల్లుకు వచ్చాడు. నన్ను పిలవలేదు. నేరుగా నీలమ్మ ముందు పెట్టాడు.

"అమ్మా, కోపం చెయ్యకు. చలికి నాకు గొంగడి ఉన్నది. గీ పేరుకు కప్పుకునేతందుకు ఏం లేదు."

నీలమ్మ ఆ దుప్పటి దిక్కు చూసింది, ఆయన భుజం మీది గొంగడి దిక్కు చూసింది. అప్పుడే ఆ గొంగడిని మొదటిసారి చూసినట్టున్నది. చాయ్ తెప్పించింది. ఆయన తాగాడు. పోయేటప్పుడు దండం పెట్టింది ఆమె. ఆయన పోయినాక, నా దిక్కు తిరగకుండానే అంది, "మిల్లు ముందట గిన్నె పెట్టి లోపలికి పోయే బుద్ధి నాకు ఉండె బీరప్పా. గా శాలువా కింద యాడనో పడిపోయింది."

వికారాబాదు

తర్వాత బసప్పకు ఛాతీ జబ్బు చేసింది. వికారాబాదు పెద్ద దవాఖానలో చాలా రోజులు ఉంచారు. పక్కనున్న అనంతగిరి గుట్టల గాలి మంచిదని డాక్టర్లు అన్నారు. గాలి మంచిదే, ఆయన్ని మాత్రం నిలపలేదు. ఆ దినాల్లో నీలమ్మ ఆయన పక్కనే ఉంది. రోగులకు లోపల తిండి దొరికేది. వెంట వచ్చినవాళ్లు గోడ వెనక్కి పోయి, మూటలోంచి ఎండు రొట్టెలు తీసి, ఎవరూ చూడకుండా గోడ దిక్కు తిరిగి తినేవాళ్లు. ఆమె అది రోజూ చూసింది.

బసప్ప పోయినాక మిల్లు అమ్మేసింది. ఇద్దరు బిడ్డలు, ఇద్దరూ సరే అన్నారు. వచ్చిందాంతో దవాఖానకు నడిచేంత దూరంలో అన్నశాల కట్టించింది. కట్టించేటప్పుడు నన్ను పిలిచి, నువ్వు మేస్త్రీవి గద, చూడు అంది. నేను పప్పుమిల్లు మేస్త్రీని, గోడలు కట్టే మేస్త్రీని కాదు అన్నాను. కొట్లాడేటోడే కావాలె, గోడకు ఎవడైతేంది అంది.

ఆమె పెట్టిన నియమాలు గోడ మీద రాయలేదు. పనివాళ్లకు నోటితో చెప్పింది. ఎవరి పేరూ అడగొద్దు. ఏ ఊరు, ఏ కులం, రోగి ఏమైతడు, ఏదీ అడగొద్దు. కార్డు అడగొద్దు. వడ్డించేవాళ్లు పళ్లెం చూడాలె, మొహం చూడొద్దు. ఇక ఆఖరుది నాకు బాగా నచ్చింది. దానం ఇచ్చినోళ్లు ఎవరైనా వస్తే వాళ్లూ బంతిలో కూర్చొని తిని పోవాలె, నిలబడి చూసుడు లేదు.

ధర నలుగురిలో చెప్పాలి, ఆకలి నలుగురిలో చూపించొద్దు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నదంతా కలిపితే ఇంతే. రుమాలు ఎక్కడ తీయాలో, ఎక్కడ కప్పాలో తెలిసిన మనిషి ఆమె.

సునీతతో కొట్లాట

ఇప్పుడు నీలమ్మకు వయసు మీద పడింది. తాండూరులో చిన్నబిడ్డ దగ్గర ఉంటుంది. చెవులు మందగించాయి, మాట మందగించలేదు. అన్నశాలను ఒక ట్రస్టు నడుపుతుంది. అక్కడ రోజువారీ పని అంతా సునీత అనే పిల్లది. పరిగి పిల్ల, సంఘసేవ చదువు చదువుకుంది. పొద్దున కూరగాయల బండి వచ్చేసరికి వాకిట్లో ఉంటుంది, గిన్నెలు తోమే దాకా పోదు. మంచి పిల్ల. అదే నా బాధ. చెడ్డదైతే ఒక్కమాటతో తేలిపోయేది.

మొదటిసారి ఫోటో తీయడం చూసిననాడు నేను భోజనాల హాల్లోనే అరిచాను. ఆమె నన్ను పక్కకు తీసుకపోయి కుర్చీ వేసి నీళ్లిచ్చింది. తాతా, ధరలు చూస్తున్నవు గద, ట్రస్టు పైసలతోని సగం దినాలు గూడ నడవదు అంది. దాతలకు ఫోటో కావాలె, ఫోటో పెడితే చూసి ఇంకొకడు వస్తడు అంది. తినేవాళ్లు కూడా ఎవరూ కాదనలేదట.

"కాదంటే అన్నం పోతదని భయం గద బిడ్డా. కాదనకపోతే ఒప్పుకున్నట్టేనా?"

"మేం గట్ల అన్నం తీసేసేటోళ్లం కాదు తాతా. ఫోటో వద్దన్నోళ్లకు గూడ పెడ్తం."

"గది నీకు తెలుసు. దవాఖానల అమ్మను పండవెట్టి వచ్చినోనికి తెలుసా?"

ఆమె గరిటె తీసుకొని వడ్డించడానికి లేచిపోయింది. పోతూ పోతూ, "మీకు కోపం జల్దీ వస్తది తాతా, దాతలు జల్దీ రారు" అంది. మాట బాగుంది. బాగున్నా తప్పు తప్పే.

నేను తాండూరు పోయాను. నీలమ్మతో గట్టిగా, చెవి దగ్గర, అంతా చెప్పాను. ఒక్కమాట చెప్పమ్మా, రేపే బందు చేస్తరు అన్నాను. ఆమె చీర అంచు సవరించుకుంది.

"సాకు బీరప్పా" అంది. కన్నడంలో అంటే చాలు అని. "నేను చెప్తె నా మొహం చూసి బందు చేస్తరు. నేను పోయిన తెల్లారి మళ్ల తీస్తరు. నాకు చెప్పింది మల్లయ్య. గట్ల గా పిల్లకు ఎవరన్న చెప్పాలె. నువ్వు అరుస్తున్నవు, చెప్తలేవు."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. తిరిగి వస్తూ బస్సులో కూడా కోపమే. ఇంటికొచ్చి కాగితం తీసుకొని సునీతకు రాశాను. మొదటిదాంట్లో నియమాలు రాశాను. జవాబు లేదు. రెండోదాంట్లో తిట్టాను. జవాబు లేదు, సహజమే. మూడోదాంట్లో తిట్టు లేదు, నియమం లేదు. మా మల్లయ్య బావ, గొంగడి, దుప్పటి, సంతలో పెట్టిన పేరు, జరిగింది జరిగినట్టు రాసి పోస్టు చేశాను. బావ ఇప్పుడు లేడు. ఆ పేరు మాత్రం ఆ దిక్కు సంతల్లో ఇంకా ఉంది.

జవాబు

కొన్ని వారాలు ఏ మాటా రాలేదు. నేను కూడా అన్నశాల దిక్కు పోలేదు. పోతే మళ్లీ అరుస్తానని నాకే తెలుసు. ఇంటి దగ్గరే ఉన్నాను, మంచిగానే ఉన్నాను. మనవరాలికి లెక్కలు చెప్పాను, పెసళ్లు ఎండబెట్టాను. అన్యాయం చూసినా ఆకలి అవుతుంది, నిద్ర పడుతుంది. ఈ వయసులో అది కూడా ఒక అదృష్టమే.

మొన్న పొద్దున, ఈ కాగితం చాలావరకు రాసినాక, ఫోనులో రాత వచ్చింది. సునీత పంపింది. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను:

"తాతా, దండం. మీ ఉత్తరాలు మూడూ అందినయి. మొదటి రెండిటికి కోపం వచ్చి రాయలే. మూడోదానికి ఏం రాయాలో తెల్వక రాయలే. నిన్న వంట అయినంక కూసొని, ఏడాది సంది తీసిన ఫోటోలన్ని ఫోన్ల చూసిన. మస్తున్నయి. అన్నిట్ల దాత నవ్వుతున్నడు, బ్యానరు చక్కగ కనపడుతున్నది, పళ్లెం నిండుగ ఉన్నది. ఒక్క ఫోటోల గూడ ఎవ్వరు తింటలేరు తాతా. అందరి చేతులు ఆగి ఉన్నయి. ఇయ్యాల్టి సంది బందు చేసిన. ఇద్దరు దాతలు నారాజైండ్రు, ఇగ పైసలియ్యం అంటున్నరు. వాళ్ల నంబర్లు కింద పెడుతున్న. మీరే మాట్లాడుండ్రి. కాని నాతోని మాట్లాడినట్టు మాట్లాడకుండ్రి, లేకుంటే వాళ్ల అసొంటోళ్లు ఇంక ఇద్దరు పోతరు."